గింజలు తినకూడని నాన్నగారికి టమాటా: ఏ రకం పెంచాలి, ఎలా వండాలి?

కాకినాడ డాబాతోట:

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి డెబ్బై రెండేళ్లు. పెద్దపేగు ఆపరేషన్ తరువాత ఇలియోస్టమీ పెట్టారు. అంటే చిన్నపేగు కొసను పొట్ట మీదికి తెచ్చి, అక్కడ సంచి తగిలించారు. మనిషి బాగానే కోలుకుంటున్నారు. నడుస్తున్నారు, పేపరు చదివి అన్ని పార్టీలనూ తిట్టే ఓపిక కూడా తిరిగి వచ్చింది. ఇబ్బందంతా తిండి దగ్గరే. ఆసుపత్రిలో ఆహార నిపుణురాలు ఇచ్చిన కాగితంలో గింజలు, తొక్కలు, పీచు, మొక్కజొన్న, పుట్టగొడుగులు, కొబ్బరి వద్దని ఉంది. పేగు బయటికి వచ్చే చోట దారి ఇరుకు కాబట్టి, అరగని ముక్క ఏదైనా అక్కడ అడ్డుపడవచ్చట. గోదావరి జిల్లా మనిషికి కొబ్బరి వద్దంటే ఎంత కష్టమో వేరే చెప్పనక్కరలేదు. అయినా దానికి ఆయన కిమ్మనలేదు. టమాటా దగ్గర మాత్రం ఒప్పుకోవడం లేదు. ఆయన నోట అది ఇప్పటికీ రామములగపండే. పప్పులోనో చారులోనో రోజూ పడాలి.

తొక్క, గింజ తీసి మెత్తగా చేసి పెడితే ఫరవాలేదని డాక్టరుగారు అన్నారు. అక్కడినుంచి నా సందేహాలు మొదలు.

డాబా మీద పదిహేను కుండీల దాకా చోటు ఉంది, ఎండ బాగా పడుతుంది. నర్సరీ అతను "హైబ్రిడ్ వేసుకోండి సార్, గింజే ఉండదు" అంటున్నాడు. నిజమేనా? ఇక వంట సంగతి. అమ్మ టమాటాలు ఉడికించి మిక్సీలో తిప్పి టీ వడపోతలో వడగడుతోంది. నారింజ రంగు నురుగులా వస్తోంది, కాస్త చేదు తగులుతోంది, నలకలు కూడా దిగుతున్నాయి. పోనీ గింజలున్న జిగురంతా ముందే తీసి పారేస్తే చారుకు రుచే లేదు. "ఇది రోగి చారు" అని నాన్నగారు గిన్నె పక్కకు జరుపుతున్నారు. ఇలాంటి పథ్యం ఇంట్లో నడిపినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.


మదనపల్లె పిన్ని:

బాబూ, ముందు మీ అమ్మగారి చేతిలోంచి ఆ మిక్సీ గిన్నె తీసుకోండి. మిగతా మాటలు తరువాత.

మాది మదనపల్లె. టమాటా ధర పెరిగినా పడిపోయినా టీవీవాళ్లు మైకులు పట్టుకుని వచ్చేది మా మార్కెట్ యార్డుకే. మా ఆయనకు పేగుకు క్షయ వచ్చింది. మందులతో జబ్బు నయమైంది గాని పేగు ఒకచోట సన్నబడి అలాగే ఉండిపోయింది. అప్పటినుంచి గింజ, తొక్క, పీచు మా ఇంట్లో ఆయన కంచం దాకా రావు. సంచి లేదన్న మాటే గాని బాధ మీదీ మాదీ ఒకటే. నేను రోజూ చేసే పని కాబట్టి కాస్త గట్టిగానే చెబుతాను, ఏమనుకోకండి.

గింజ ఉండగా మిక్సీ తిప్పకూడదు. గింజకు పైన సన్నటి నూగు, గట్టి పెంకు, లోపల నూనె ఉన్న పప్పు ఉంటాయి. బ్లేడు తగలగానే పగులుతుంది. మీరు చెప్పిన చేదు అక్కడిదే. పగిలిన పెంకు ముక్కలు ఎంత సన్నటి వడపోతలోంచైనా జారిపోతాయి. అంటే మీరు గింజ తీయడం లేదు, గింజను కనపడకుండా చేస్తున్నారు. నారింజ నురుగు గాలి కలవడం వల్ల వస్తుంది, దానితో ప్రమాదం లేదు. వరస మార్చండి చాలు: ముందు వడకట్టడం, తరువాత కావాలంటే మిక్సీ. గింజ చెక్కుచెదరకుండా ఉంటే మామూలు టీ వడపోత కూడా దాన్ని పట్టేస్తుంది.

ఇప్పుడు పండు సంగతి. గింజ లేని పండు కోసం వెతకకండి, గదులు తక్కువున్న పండు కోసం వెతకండి. టమాటాను తొడిమ పైకి పెట్టి, నిలువుగా కాక అడ్డంగా కోసి చూడండి. గింజలుండే గదులు చక్రంలా కనపడతాయి. మాకు నాటు టమాటా అని బల్లపరుపుగా, పైన ముడతలతో వచ్చేదానిలో నాలుగైదు గదులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ ఉంటాయి. ప్రతి గదీ నీళ్లూ గింజలే. పులుపు అమోఘం, చారుకు దాన్ని మించింది లేదు, కాని గింజ తీసేసరికి చేతిలో తొక్క మిగులుతుంది. కోలగా, గట్టిగా, కోడిగుడ్డు ఆకారంలో ఉండే రకాల్లో రెండు మూడు గదులే. మందమైన కండ, గింజ ఒక వేలితో ఊడ్చేయవచ్చు. బజారులో కొనేటప్పుడు కోలగా ఉన్నవాటిలో గట్టివి, బాగా ఎర్రబడ్డవి ఏరండి. అతిగా మగ్గినవాటిలో గింజ జిగురుతో కలిసిపోయి కండకు అంటుకుంటుంది, తీయడం విసుగు. చిట్టి టమాటాలు, చెర్రీ అంటారే, వాటి జోలికి పోకండి. పండు చిన్నదైనా గింజలకేమీ లోటుండదు.

పచ్చి టమాటా పచ్చడి కూడా మానుకోండి. బాగా లేతకాయలో గింజ ఇంకా మెత్తగా ఉండి కత్తికి తెగిపోతుంది, ఏరడానికి దొరకదు. కాయ ముదిరితే గింజ జిగురులో పక్కకు జారుతుంది గాని, కండ గట్టిగా ఉండడం వల్ల పూర్తిగా ఊడదు.

తొక్క గురించి మీరు పెద్దగా అడగలేదు. నన్నడిగితే గింజకంటే తొక్కే పెద్ద శత్రువు. ఉడికినా అరగదు, చుట్ట చుట్టుకుపోయి పుల్లలాగా మారుతుంది. పండు అడుగున కత్తితో చిన్న ఇంటూ గుర్తు గీసి, మరిగే నీళ్లలో అర నిమిషం నుంచి నిమిషం లోపు ఉంచి, తీసి చల్లటి నీళ్లలో వేయండి. తొక్క చొక్కా విప్పినట్టు వచ్చేస్తుంది. పచ్చడికైతే నేను నీళ్లు పెట్టను. పట్టకారుతో పట్టుకుని గ్యాసు మంట మీద తిప్పి కాలుస్తాను. కాలిన వాసన పచ్చడికి బాగుంటుంది, తొక్కా వస్తుంది.

తొక్క తీశాక అడ్డంగా రెండు చెక్కలు చేయండి. ఒక గిన్నె మీద జల్లెడ పెట్టి, చెక్కను బోర్లించి మెల్లగా పిండుతూ, ప్రతి గదిలోకీ వేలు పెట్టి గింజలు దింపండి. కండ ఒక పక్కన పెట్టేయండి. మీ ఇంట్లో పొరపాటు ఎక్కడో ఇప్పుడు చూడండి. జల్లెడలో మిగిలిన జిగురును మీరు పారేస్తున్నారు. టమాటా పులుపూ, నోరూరించే ఆ గుణమూ ఎక్కువగా ఉండేది అందులోనే. అజినోమోటోలో ఉండే గ్లుటమేట్ టమాటాలో సహజంగానే ఉంటుంది, అదీ కండలోకంటే జిగురులో చాలా ఎక్కువ. అది పారేసి చారు చప్పగా ఉందంటే తప్పు చారుది కాదు. జల్లెడలోని గింజల మీద కొంచెం ఉప్పు చల్లి పది నిమిషాలు వదిలేయండి. జిగురు పలచబడి నీరుగా దిగుతుంది. తరువాత గరిటె వెనక వైపుతో మెల్లగా రుద్దండి, గట్టిగా నూరవద్దు. చివర కొద్దిగా నీళ్లు పోసి గింజలను కడిగినట్టు చేస్తే మిగిలినదీ వస్తుంది. కింద గిన్నెలో పడిన ఆ లేత రంగు నీళ్లే మీ నాన్నగారి చారు. ఉప్పు పడింది కాబట్టి చారులో తగ్గించి వేసుకోండి.

పప్పుకైతే కండను ముక్కలు కోసి కందిపప్పుతో పాటే కుక్కరులో పెట్టి, పప్పుగుత్తితో మెదిపి, వడగట్టిన నీళ్లు చివర్లో కలిపి రెండు పొంగులు రానివ్వండి. మొదటినుంచీ ఆ నీళ్లు పోస్తే పులుపుకు పప్పు సరిగా మెత్తబడదు. పెరుగు పచ్చడికి కండ ఒక్కటే, సన్నగా తరిగి నూనెలో మగ్గించి చల్లారాక పెరుగులో కలపడమే.

ఇంకో మాట, ఇది ఎవరూ చెప్పరు. టమాటా గింజ అంత కష్టపడి తీసి, పైన పోపులో చెంచాడు ఆవాలు, జీలకర్ర, మినప్పప్పు, ఎండుమిరప గింజలు, కరివేపాకు వేసి పెడతారు! ఇదేమి పథ్యం? పోపు మానక్కరలేదు. నూనె కాచి ఆవాలు చిటపటలాడాక, ఎండుమిరప, కరివేపాకు వేసి, ఘాటు దిగాక ఆ నూనెను స్టీలు వడపోతలో వడగట్టి పప్పులో పోయండి. ఇంగువ ధారాళంగా వేయండి, అది అడ్డుపడదు. ఇంట్లో మిగతావాళ్ల గిన్నెలో వడపోతలో మిగిలిన పోపు వేయండి. ఒకే పోపు, రెండు గిన్నెలు. కొత్తిమీర కాడలు కూడా వద్దు. చింతపండు వేస్తే గుజ్జు తీసి ఈనెలు లేకుండా వడగట్టండి.


రిటైర్డ్ హార్టికల్చర్:

పిన్నిగారు వంట భాగం పూర్తి చేశారు. నేను కుండీల సంగతి చెబుతాను. ఉద్యాన శాఖలో పనిచేసి విరమించాను.

నర్సరీ అతని మాట సరికాదు. హైబ్రిడ్ అంటే రెండు వేర్వేరు తల్లిదండ్రుల సంకరం, అంతే. గింజ ఉండటానికీ లేకపోవడానికీ దానితో సంబంధం లేదు. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన అర్కా రక్షక్ మంచి హైబ్రిడ్. ఆకుముడత వైరస్, బ్యాక్టీరియా వడలు తెగులు, ఆకుమాడు తెగులు, ఈ మూడింటినీ తట్టుకుంటుంది. తెల్లదోమ ఎక్కువగా ఉండే చోట ధైర్యంగా వేసుకోవచ్చు. కాని గింజ ఉంటుంది.

మీ అవసరానికి కోల రకాలు చూడండి. లూధియానాలోని పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఇచ్చిన పంజాబ్ ఛుహారా అనే రకం ఉంది. పండు చిన్నగా, బేరిపండు ఆకారంలో, గట్టి కండతో, తక్కువ గింజతో ఉంటుంది. గదులు రెండు మూడే. రోమా విత్తనాలు దాదాపు అన్ని విత్తన దుకాణాల్లోనూ, ఆన్‌లైన్‌లోనూ దొరుకుతాయి. మొక్క పొట్టిగా ఉండి ఆగిపోతుంది, కుండీకి అనుకూలం. ఇటలీలో నేపుల్స్ దగ్గరి శాన్ మార్జానో రకం పొడవుగా, రెండే గదులతో ఉంటుంది. సాసుల కోసమే పుట్టినట్టుండే పండు. కాని తీగలా పెరుగుతూనే పోతుంది, కర్ర పాతాలి, పక్క కొమ్మలు గిల్లుతుండాలి. మీ కుండీల్లో సగం రోమా, నాలుగు శాన్ మార్జానో, మిగతావి చారు కోసం పూసా రూబీ వంటి పుల్లటి గుండ్రటి రకం వేస్తాను నేనైతే. పూసా రూబీలో గదులు ఎక్కువే. కాని పిన్నిగారి పద్ధతిలో జిగురు నీళ్లు తీసుకోవడానికి అది కావాలి. ఇంట్లో గింజ తినగలిగినవాళ్లూ ఉన్నారు కదా.

కోస్తాలో సెప్టెంబరు చివర నారు పోసుకోండి. టమాటా పిందె కట్టడానికి రాత్రి ఉష్ణోగ్రత 15 నుంచి 20 డిగ్రీల మధ్య ఉంటే శ్రేష్ఠం. పగలు 35 దాటితే పూత రాలిపోతుంది. నారు 25 నుంచి 30 రోజులది అయ్యాక కుండీల్లోకి మార్చండి. అక్టోబరు, నవంబరు తుఫానుల కాలం కదా, మొక్కలు అప్పటికి చిన్నవే ఉంటాయి కాబట్టి గాలివాన కబురు రాగానే గోడవారకు జరపవచ్చు. నారును సన్నటి నైలాన్ వలకింద పెంచండి. ఆకుముడతను తెచ్చేది తెల్లదోమే, అదీ ఎక్కువగా లేత దశలోనే సోకుతుంది. ఒకసారి సోకిన మొక్కకు మందు లేదు, పీకి పారేయడమే. పసుపు రంగు జిగురు అట్టలు నాలుగు కట్టండి, వారం పది రోజులకొకసారి వేపనూనె పిచికారీ చేయండి.

కోల రకాలతో ఒక చిక్కు ఉంది, ముందే తెలుసుకుంటే మంచిది. పండు అడుగు నల్లగా, తోలులా కుళ్లుతుంది. అది తెగులు కాదు, పండు కొసకు సున్నం అందకపోవడం. మట్టిలో సున్నం ఉన్నా నీరు ఒకరోజు వరదలా, రెండు రోజులు ఎండలా పెడితే అది పైకి చేరదు. డాబా మీద కుండీ మధ్యాహ్నానికే ఎండిపోతుంది కాబట్టి అక్కడ ఇది మరీ ఎక్కువ. కనీసం 12 అంగుళాల లోతున్న కుండీ తీసుకోండి, 15 అయితే ఇంకా మంచిది. మట్టి పైన ఎండుటాకులో, కొబ్బరి పీచో కప్పండి (నాన్నగారికి పనికిరాని కొబ్బరి మొక్కకు పనికివస్తుంది). నీళ్లు రోజూ ఒకే వేళకు పెట్టండి. యూరియా ఎక్కువ వేస్తే ఆకు పెరుగుతుంది, ఈ కుళ్లు కూడా పెరుగుతుంది.

పూత మీద హార్మోను పిచికారీ చేస్తే గింజ లేని కాయ వస్తుందని ఎవరైనా చెబుతారు. అబద్ధం కాదు. ఆక్సిన్ జాతి హార్మోన్లు కొడితే పరాగ సంపర్కం లేకుండానే పిందె కట్టి, గింజ తక్కువగానో అసలు లేకుండానో కాయ ఊరవచ్చు. కాని మోతాదు నీటిలో లక్షల వంతుల లెక్క. చెంచాలతో కొలిచే పని కాదు. కొంచెం మీరితే ఆకులు మెలితిరిగి మొక్క పాడవుతుంది, కాయలు బోలుగా వస్తాయి. వాటిలో ఒకటైన 2,4-డి ని కలుపు మందుగా అమ్ముతారు. ఆపరేషన్ అయిన మనిషి తినే కుండీలో ఆ ప్రయోగం నేను చేయను.

గింజలు పారేయకండి. రోమా, శాన్ మార్జానో, పంజాబ్ ఛుహారా హైబ్రిడ్లు కావు కాబట్టి వాటి గింజ అదే రకంగా మొలుస్తుంది. కొంచెం జిగురుతోనే రెండు మూడు రోజులు పులియబెట్టి, కడిగి నీడలో ఆరబెట్టండి. ఉప్పు చల్లకముందే విత్తనానికి కావలసినవి తీసి పక్కన పెట్టుకోవాలి సుమా.


హిల్స్‌బరో తెలుగు:

అమెరికాలో ఆరెగాన్ రాష్ట్రంలో ఉంటాను. ఈ చర్చ చూసి ఆగలేకపోయాను, ఎందుకంటే గింజ లేకుండా కాసే టమాటా నిజంగానే మా దగ్గర ఉంది.

ఇక్కడి ఆరెగాన్ స్టేట్ యూనివర్సిటీలో జిమ్ బ్యాగెట్ అనే కూరగాయల శాస్త్రవేత్త ఆరెగాన్ స్ప్రింగ్, సిలెట్జ్, లెజెండ్ అనే రకాలు తయారుచేశారు. మా దగ్గర జూన్ రాత్రులు కూడా చల్లగా ఉంటాయి. ఆ చలికి మామూలు టమాటాలో పుప్పొడి సరిగా పనిచేయక పూత రాలిపోతుంది. ఈ రకాలు పరాగ సంపర్కం లేకపోయినా పిందె కట్టేస్తాయి. అలా కట్టిన పండులో గింజలుండవు. రష్యాలోని సెవెర్యానిన్ అనే రకంలో ఉన్న ఇలాంటి గుణం మీద శాస్త్రవేత్తలు చాలా పనిచేశారు.

మా పెరట్లో సిలెట్జ్ వేస్తాను. సీజను మొదట్లో వచ్చే పండ్లు కోస్తే లోపల జిగురు ఉంటుంది, గింజ దాదాపు ఉండదు. కండ ఎక్కువ. రుచి మన నాటు టమాటా పులుపుతో పోలిస్తే మెత్తన, నా భార్య అయితే "ఇది టమాటానా, బొప్పాయా" అంటుంది. ఆగస్టులో ఎండ ముదిరి పుప్పొడి బాగా రాలే రోజులు వచ్చాక అదే మొక్క కాసే పండ్లలో గింజలుంటాయి. ఇది మీరు గమనించాలి. గింజ లేకపోవడం ఆ మొక్కకు శాశ్వత గుణం కాదు, చలిలో మాత్రమే పనికొచ్చే ఏర్పాటు. కాకినాడలో డిసెంబరు రాత్రి కూడా టమాటా పుప్పొడికి హాయిగానే ఉంటుంది కాబట్టి అక్కడ ఈ విత్తనం వేసినా గింజలు వస్తాయనే నా అంచనా. ఇక్కడినుంచి విత్తనాలు పంపించనా అని అడిగేవాళ్లుంటారు. దిగుమతి నిబంధనలు ఉంటాయి, ఉత్తరంలో పెట్టి పంపే వస్తువు కాదు.

పూలకు గుడ్డ కట్టి తేనెటీగలను రాకుండా చేస్తే గింజ రాదా అని ఒక బంధువు అడిగారు. రాకపోవడమేమిటి, శుభ్రంగా వస్తుంది. టమాటా పువ్వు తన పుప్పొడితో తానే ఫలదీకరణ చేసుకుంటుంది, గాలికి ఊగినా చాలు.

పనికొచ్చేది ఒకటి చెబుతాను. చేతితో తిప్పే ఫుడ్ మిల్లు అని ఒక సాధనం ఉంది. అడుగున చిల్లుల పళ్లెం, పైన వంపు తిరిగిన రేకు. ఉడికిన టమాటాలు వేసి తిప్పితే గుజ్జు కిందికి దిగుతుంది, తొక్క, గింజ పైన ఉండిపోతాయి. గింజ పగలదు. ఇటలీవాళ్ల ఇళ్లలో సాసు చేసేది దీనితోనే. భారతదేశంలో కూడా ఆన్‌లైన్‌లో దొరుకుతోంది. చిల్లులు అన్నింటికంటే సన్నగా ఉన్న పళ్లెం తీసుకోండి. మధ్యరకం చిల్లుల్లోంచి గింజ జారుతుంది.


ఉదయం నడక:

టమాటా గింజలు తింటే కిడ్నీలో రాళ్లు వస్తాయి కదా. మా ఇంట్లో ఎవరికీ ఏ జబ్బూ లేకపోయినా గింజ తీసే వండుతాం. అందరూ మానేయడమే మంచిది.


మదనపల్లె పిన్ని:

అయ్యా, టమాటా మీద ఈ నింద ఎవరు వేశారో గాని వాళ్లకు మా ఊరి రైతుల ఉసురు తగులుతుంది. రాళ్లలో ఎక్కువ రకం కాల్షియం ఆక్సలేట్‌వి. ఆక్సలేట్ దండిగా ఉండేది పాలకూరలో. వంద గ్రాములకు వందల మిల్లీగ్రాముల లెక్కలో ఉంటుంది. టమాటాలో పట్టుమని పది కూడా ఉండదు. గింజ వెళ్లి కిడ్నీలో రాయి కావడం అనేది లేనే లేదు. కిడ్నీ పనిచేయడం తగ్గినవాళ్లకు టమాటా తగ్గించమంటారు, అది అందులోని పొటాషియం వల్ల. గింజ తీసినా పొటాషియం పోదు. రెండూ కలిపేయకండి.

పెద్దపేగులో సంచుల్లాంటివి ఏర్పడే జబ్బు, డైవర్టిక్యులోసిస్ అంటారు, దానికి కూడా గింజలు మానమని పాతకాలంలో అనేవారు. 2008లో అమెరికా వైద్యులు 47 వేల మందికి పైగా మగవాళ్లను ఏళ్ల తరబడి గమనించి, గింజపప్పులు, మొక్కజొన్న, పాప్‌కార్న్ తిన్నవాళ్లకు ఆ జబ్బు ముదరడం ఏమీ ఎక్కువ కాలేదని తేల్చారు. మా అన్నయ్య డాక్టరు, అతనే చదివి చెప్పాడు. కాబట్టి గింజ మానవలసింది పేగు నిజంగా ఇరుకైనవాళ్లూ, ఇలాంటి ఆపరేషన్ అయినవాళ్లూ, వాళ్ల డాక్టరు మానమన్నవాళ్లూ. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు హాయిగా తినండి. 2023 జులై, ఆగస్టుల్లో కిలో రెండు వందల దాకా ఎగబాకినప్పుడు గింజ కూడా వదలకుండా తిన్నాం కదా అందరం!


కాకినాడ డాబాతోట:

అందరికీ ధన్యవాదాలు. పిన్నిగారూ, నిన్న మీరు చెప్పినట్టే చేయించాను. చారు రెండోసారి అడిగి పోయించుకున్నారు. "ఇప్పుడు రామములగ వాసన వచ్చింది" అన్నారు, అంతకుమించి మెచ్చుకోలు ఆయన నోట ఎప్పుడూ రాదు. పోపు వడగట్టమన్న మాట మాత్రం మా అందరికీ కొత్త. మినప్పప్పు లేని పోపేమిటని అమ్మ ఒక పూట గొణిగింది.

రోమా, శాన్ మార్జానో విత్తనాలు తెప్పిస్తున్నాను. మిగిలింది ఒక్కటే. నాన్నగారి అసలు కోరిక నిల్వ పచ్చడి. ముక్కలు ఉప్పులో ఊరబెట్టి ఎండబెట్టే ఊరగాయ. తొక్క తీసిన ముక్కలు ఉప్పులో వేస్తే గుజ్జయిపోతున్నాయి. దీనికి మార్గం ఉందా? ఇంకో చిన్న సందేహం, ఈ గింజ భయం జీవితాంతం ఉంటుందా?


మదనపల్లె పిన్ని:

రెండోదానికి ముందు జవాబు. ఆపరేషన్ తరువాత మొదటి ఆరు నుంచి ఎనిమిది వారాలు పేగు వాచి ఉంటుంది, అప్పుడు పట్టుదల ఎక్కువ కావాలి. తరువాత చాలామందికి ఒక్కొక్కటే, కొద్దికొద్దిగా, బాగా నమిలి తినమని డాక్టర్లే మొదలుపెట్టిస్తారు. ఎప్పుడు, ఏది అన్నది మీ సర్జనుగారే చెప్పాలి, నేనూ చెప్పకూడదు, ఇంటర్నెట్టూ చెప్పకూడదు. ఎప్పుడైనా సంచిలోకి రావడం ఆగిపోయి, కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి, వాంతులు ఉంటే చిట్కాలతో కాలయాపన చేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇక పచ్చడి. ఎండబెట్టే పద్ధతి వదిలేయండి. తొక్క ఉంటేనే ముక్క నిలబడుతుంది, మీకు తొక్క ఉండకూడదు, ఆ రెండూ కుదరవు. ఉడికించే పద్ధతి పట్టుకోండి, నిల్వా ఉంటుంది. కోల టమాటాలు రెండు కిలోలు తీసుకుని, కడిగి, తడి పూర్తిగా తుడిచి, కోసి, నీళ్లు చుక్క కూడా పోయకుండా మందపాటి గిన్నెలో మగ్గించండి. చల్లారాక జల్లెడలో గరిటెతో రుద్దండి, లేదా ఆరెగాన్ బాబు చెప్పిన మిల్లు ఉంటే అందులో తిప్పండి. ఒక్క గింజ కూడా దిగలేదని వెలుతురులో పలచగా పరిచి చూసుకోండి. ఆ గుజ్జును మళ్లీ వేడిచేసి, వంద గ్రాముల చింతపండును అందులోనే నానబెట్టి, దాన్నీ పిసికి వడగట్టండి. నీళ్లలో నానబెడితే పచ్చడి బూజు పడుతుంది.

గుజ్జును సన్న సెగ మీద దగ్గరకు రానివ్వాలి. టమాటాలో వందకు తొంభై పాళ్లు మించి నీరే, కాబట్టి ఓపిక కావాలి. గరిటె గీసిన గీత వెంటనే కలిసిపోకుండా నిలబడే దాకా కలుపుతూనే ఉండండి. చిమ్ముతుంది, చేతులు జాగ్రత్త. దించే ముందు వంద గ్రాముల ఉప్పు. కారం మామూలుగా అయితే ఉప్పుకు సమంగా పడాలి, మీ నాన్నగారికి సగానికి సగం తగ్గించండి. కారం ఎక్కువైతే సంచి పలచగా, తొందరగా నిండుతుంది. పట్టించిన కారం అయితే సన్నటి గుడ్డలో జల్లించండి, లేకపోతే ఎండుమిరపకాయలు తుంచి గింజలు దులిపి పట్టించండి. మెంతిపిండి చెంచాడు, వేయించి పొడి చేసి జల్లించినది. పావు లీటరు నువ్వుల నూనెలో ఆవాలు, వెల్లుల్లి, ఇంగువ వేసి, ఘాటెక్కాక వడగట్టి, ఆ నూనె పోసి కలపండి. వెల్లుల్లి రెబ్బలు మెత్తగా వేగితే ఆయనకు నూరి వేయవచ్చు.

పొడి జాడీలో పెట్టి పైన వేలెడు నూనె తేలేలా చూడండి. కారం, ఉప్పు తగ్గించిన పచ్చడి బయట ఎక్కువ కాలం ఆగదు కాబట్టి ఫ్రిజ్‌లో పెట్టి, వారానికి సరిపడా చిన్న సీసాలోకి తీసుకోండి. మొదటిసారి అన్నంలో అర చెంచా మించి వేయకండి, ఆ పూట సంచి ఎలా ఉందో చూసుకుని మర్నాడు పెంచండి. మినప్పప్పు లేదని అమ్మగారు గొణిగితే, ఆవిడ వాటాకు విడిగా పోపు పెట్టుకోమనండి.